పర్ర దాటే పద్ధతి

1898 అక్టోబరు 1, శనివారం

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. కాబట్టి ఇందులో నాకు నేనే సర్వేయర్ జనరల్ ఉద్యోగం వేసుకుంటున్నాను. అభ్యంతరాలున్నవారు రాతపూర్వకంగా తెలియజేసుకోవాలి.

సర్వేయర్ జనరల్ ఏసురాజుగారు, ఎఫ్.ఏ., మిషను బడి రెండో పంతులు, ఈ ఉదయం తొలిసారిగా పర్ర మీదికి దండెత్తారు. మా పేటకీ కాలువ లాకుకీ మధ్య ఉన్నదే పర్ర. ఎండాకాలం ఉప్పు పూసిన బీడు. వానలు పడితే మోకాళ్ళ లోతు నీళ్ళు, నీళ్ళ కింద బురద, బురద కింద ఏముందో చూసి తిరిగొచ్చి చెప్పినవాళ్ళు లేరు. దాని మీదుగా పోయే గట్టు గాలివానకి తెగి రెండేళ్ళయింది. లాకు చేరితే పడవ, పడవ ఎక్కితే నరసాపురం, నరసాపురంలో డాక్టరు దొరసానిగారి ఆసుపత్రి. ఇంతే భూగోళం. మిగతా ప్రపంచంతో నాకు ప్రస్తుతం పని లేదు.

సాధన సామగ్రి: ఇత్తడి డబ్బాలో దిక్సూచి. రాజమండ్రిలో నేను అద్దెకున్న ఇంటి ముసలాయన సర్వేలో చేసి పింఛను పుచ్చుకున్నవాడు. నేను పరీక్ష ప్యాసైన రోజున దీన్ని నా చేతిలో పెట్టి, "నాయనా, దీన్ని నమ్ము. నీ బుర్రని మాత్రం నమ్మకు" అని దీవించాడు.

నేటి ఫలితం: లాకుకని బయల్దేరి బాతుల దొడ్డికి చేరాను. బాతులు సాదరంగా ఆహ్వానించాయి.

ఇంటికొచ్చేసరికి దీనమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. నా పిక్కల మీది జలగల్ని ఉప్పు వేసి ఒక్కొక్కటే రాలుస్తూ నవ్వింది. ఎనిమిదో నెల. ఆమె నవ్వి చాలా రోజులైంది. జలగలకి నా కృతజ్ఞతలు.

అక్టోబరు 2, ఆదివారం

మా నాన్నగారు యెహెజ్కేలుగారు ఈ పేటకి ఉపదేశి. ఈరోజు ప్రసంగంలో, గుమ్మానికి నిమ్మకాయలు కట్టేవాళ్ళనీ, గాలి సోకకుండా పురిటి మంచంలో ఇనుము పెట్టుకునేవాళ్ళనీ గంటసేపు ఉతికి ఆరేశారు. "దేవుణ్ణి నమ్మినవాళ్ళకి కొడవలితో పనేంటమ్మా?" అన్నారు. వెనక వరసలో ఆడవాళ్ళు కొంగులు సవరించుకున్నారు. ఆ కొంగుల్లో ఎన్ని మేకులున్నాయో వాళ్ళకే తెలియాలి.

నేను నిద్రపోలేదు. కళ్ళు మూసుకుని ఏకాగ్రతతో విన్నాను.

అక్టోబరు 4, మంగళవారం

పోయిన నవంబరు గురించి ఇందులో రాయను.

అక్టోబరు 5, బుధవారం

రాయనన్నాను. ఒక్కసారి రాసి మూసేస్తాను.

దీనమ్మకి నొప్పులొచ్చాయి. డోలీ కట్టాం. మోసేవాళ్ళని కూలికి పిలిచాం. పొగమంచు. పర్ర మధ్యలో దారి తప్పాం. ఎంతసేపు తిరిగామో తెలీదు. మంచు విడిచాక చూస్తే, బయల్దేరిన చోటే, మా పేట చివర నిలబడి ఉన్నాం. బాబు దారిలోనే పుట్టాడు. ఏడవలేదు.

అంతే. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నాన్నగారు ప్రసంగాలు చెబుతారు, అమ్మ వంట చేస్తుంది, నేను హాస్యాలాడతాను. ఎవరి పని వాళ్ళం చేస్తున్నాం.

ఈసారి మంచు పడినా, పిడుగు పడినా, మా ఇంటివాళ్ళమే మోసుకుని, దిక్సూచి పట్టుకుని, తిన్నగా లాకుకి వెళ్తాం. నొప్పుల దాకా ఆగం కూడా. నవంబరు ఏడో తేదీ సోమవారం బయల్దేరి, పురుడయ్యేదాకా నరసాపురంలోనే మకాం. అయినా నొప్పులు మనల్ని అడిగి వస్తాయా? అందుకే సాధన.

అక్టోబరు 8, శనివారం

కుటుంబ సమేత యాత్ర, మొదటిది.

డోలీ ముందు భుజం: చిట్టియ్య. దీనమ్మ తమ్ముడు. తల్లిదండ్రులు లేక మా ఇంట్లోనే పెరిగాడు. మనిషి బలమైనవాడు, నోరు అంతకంటే. వెనక భుజం: నాన్నగారు. డోలీలో దీనమ్మకి బదులుగా మా అమ్మ సంపూర్ణమ్మగారు, గంభీరంగా. దిక్సూచి: మనమే.

"బావగారూ, మీ ముల్లు ఉత్తరం చూపిస్తుందన్నారు. మనం పోయేది తూర్పుకి. తూర్పు చూపించే ముల్లు తెచ్చుకోవచ్చు కదండీ?" అన్నాడు చిట్టియ్య.

చదువు చెప్పడం నా వృత్తి కాబట్టి ఓర్పుతో వివరించాను. వివరిస్తూ గోతిలో పడ్డాను.

అమ్మ డోలీలోంచి కేక పెట్టింది. "ఒరే, నన్ను మోస్తున్నారా, పాతిపెడుతున్నారా?"

"సంపూర్ణం, కదలకు. బొంగు విరుగుతుంది" అన్నారు నాన్నగారు.

"ముప్పై ఏళ్ళలో నన్ను మోసింది ఇదే మొదలు. అప్పుడే విరుగుతుందంట!"

నాన్నగారు నవ్వు ఆపుకోవడానికి గట్టిగా దగ్గారు. నేను చూశాను.

సాయంత్రం దీనమ్మ అడిగింది. "చేరారా?"

"దాదాపు."

"దాదాపంటే?"

"లాకు స్పష్టంగా కనిపించింది. మధ్యలో కాలువ అడ్డమొచ్చింది."

అక్టోబరు 15, శనివారం

చేరాం! సూటిగా, గీత గీసినట్టు, లాకు తలుపుల దగ్గరికి చేరాం. లాకు మనిషి మాకు మజ్జిగ పోసి, "ఇన్ని వానల్లో ఈ దారిన ఎందుకొచ్చారండీ?" అని అడిగాడు. "షికారుకి" అన్నాను. బురదలో ముంచి తీసిన నలుగుర్నీ ఎగాదిగా చూసి, ఇంకేమీ అడగలేదు.

తిరిగొచ్చేటప్పుడు నాన్నగారు నా భుజం మీద చెయ్యి వేసి నడిచారు. ఏడాదిగా ఆయన నన్ను ముట్టుకోలేదు. ఇప్పుడైనా జారిపడకుండా ఆసరాకే వేశారు. వేరే కారణమేమీ లేదు.

అక్టోబరు 19, బుధవారం

దీనమ్మ ఈరోజు మినపపప్పు రుబ్బుతూ ఉన్నట్టుండి ఆగి, "ఏవండీ, ఆ రోజు మీరు డోలీ ముందు నడిచారు. నాకు కనపడలేదు" అంది.

ఏ రోజని నేను అడగలేదు.

"ఈసారి నా పక్కన నడుస్తారా?"

"డోలీ బొంగు వదిలితే ఒట్టు."

"మీరు ఒట్లు తెగ వేస్తారు."

"ఇది సర్వే శాఖవారి ఒట్టు. ముద్ర ఉంటుంది" అని పిండిలో వేలు ముంచి ఆమె బుగ్గ మీద ముద్ర వేశాను. వంటింట్లోంచి అమ్మ "ఆ పిండి వడల కోసం రా అబ్బాయి" అంది.

అక్టోబరు 22, శనివారం

మంచు లేదు కాబట్టి మేమే తయారుచేసుకున్నాం. దిక్సూచి తప్ప ఇంకేదీ కనపడకుండా నా తల మీద గంప బోర్లించారు. పేట జనమంతా పోగై చూశారు. సోమవారం నుంచి బడిలో పిల్లలు నన్ను చూసి భయపడరు, ఆ కాలం పోయింది. కాని గంపతోనే లాకుకి చేరాను. ముల్లు ఒక్క వెంట్రుకంత కూడా మోసం చెయ్యలేదు.

ఇక మంచు రావచ్చు. మనకి భయం లేదు.

నవంబరు 5, శనివారం

నాలుగు రోజులుగా వాన. సోమవారం ప్రయాణం లేదు.

నవంబరు 7, సోమవారం

వాన.

నవంబరు 8, మంగళవారం

వాన. దీనమ్మ డోలీలోకి బొంత కుడుతోంది. కుట్టి విప్పి మళ్ళీ కుడుతోంది. నేను పక్కన కూర్చుని బడి తనిఖీదారుగారిలా నడిచి చూపించాను. చూసింది. నవ్వలేదు.

నవంబరు 9, బుధవారం

వాన ఆగింది. రేపు ఉదయం బయల్దేరతాం. "మంచు పడుతుందేమో" అంది దీనమ్మ. "పడనీ" అన్నాను, చాలా గొప్పగా.

నవంబరు 11, శుక్రవారం. నరసాపురం

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

కోడి కూసే వేళకి నొప్పులు మొదలయ్యాయి. తలుపు తీస్తే మంచు. అరుగు మీది చెంబు కనపడనంత మంచు. చిట్టియ్య ముందు భుజానికి వెళ్ళాడు, నాన్నగారు వెనక్కి, అమ్మ మూట పట్టుకుని పక్కకి. నేను ఎడమచేత్తో డోలీ బొంగు పట్టుకున్నాను, కుడిచేతిలో దిక్సూచి. దీనమ్మ నా వేళ్ళ మీద తన వేళ్ళు వేసి ఉంచింది.

చాలాసేపు ముల్లు చెప్పినట్టే నడిచాం. సగం దూరంలో ఉప్పుమిట్ట రావాలి. రాలేదు. దానికి బదులు కాళ్ళ కింద నేల మెత్తబడింది, పాదాలకి మడ మొక్కల వేళ్ళు గుచ్చుకున్నాయి. మడ మొక్కలు ఉప్పుటేటి పక్కనే ఉంటాయి. ఉప్పుటేరు లాకుకి పూర్తిగా పెడవైపు. అక్కడి ఊబిలో గేదెలు దిగబడి చచ్చాయి.

నేను నోరు తెరిచేలోపలే చిట్టియ్య నడుం దాకా దిగిపోయాడు. బొంగు మాత్రం వదల్లేదు. రెండు చేతులతో తల మీదికి ఎత్తి పట్టుకుని, "నన్ను కాదు బావగారూ, అక్కని చూడండి!" అని అరిచాడు. అమ్మ మూట పారేసి బొంగుకి భుజం పెట్టింది. నేను చుట్టూ తిరిగి గట్టి చోటు చూసుకుని వాణ్ణి చంకల కింద పట్టి లాగాను. లాగి, ఆయాసపడుతూ, చేతిలో దిక్సూచి చూసుకుంటే ముల్లు వేరే వైపు ఉంది.

డోలీ దగ్గరికి వచ్చాను. ముల్లు తిరిగింది. దూరం జరిగాను. మళ్ళీ తిరిగింది. డోలీ దగ్గరైతే చాలు, ఉత్తరం దక్షిణం వదిలేసి దీనమ్మ వైపే తల తిప్పుతోంది. పెళ్ళైన కొత్తలో నేనూ అంతే. ఈ మాట అప్పుడే తోచింది. నవ్వు మాత్రం రాలేదు.

"ఎవరి దగ్గరైనా ఇనుము ఉందా?" అన్నాను.

అమ్మ పారేసిన మూట ఎత్తి తడిమి లేదంది. చిట్టియ్య బురద చేతులు చూపించాడు. కొంచెం సేపటికి డోలీ వెనక నుంచి నాన్నగారి గొంతు వచ్చింది.

"బొంత కింద కొడవలి ఉంది."

"ఎవరు పెట్టారండీ?" అంది అమ్మ.

"నేనే."

మంచులో ఆయన ముఖం కనపడలేదు. కనపడకపోవడం మా ఇద్దరికీ మంచిదైంది.

"పోయినసారి పక్కలో ఇనుము పెట్టలేదని పేటలో ఆడవాళ్ళు అన్నారు. నేను వాళ్ళని కేకలేశాను. కేకలేసి ఇంటికొచ్చి..." ఆగిపోయారు. "నాకు దేవుడి మీద నమ్మకం లేక కాదురా, ఏసురాజూ."

ఎఫ్.ఏ.లో చదివిన అయస్కాంతం సంగతంతా నా నోటి చివరికి వచ్చింది. మింగేశాను. బొంత కిందికి చెయ్యి పెట్టబోతే దీనమ్మ నా మణికట్టు పట్టుకుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఉన్నదానిలా చెమటలు కారుతున్నాయి.

"తీయకండి."

"దీని వల్లే దారి తప్పాం, దీనా."

"తెలిసింది. విన్నాను. అయినా తీయకండి. మామయ్యగారు పెట్టినప్పుడే చూశాను. అప్పట్నుంచి పిడి పట్టుకునే ఉన్నాను. ఇది లేకపోతే నాకు ధైర్యం లేదు."

సర్వేయర్ జనరల్ జీవితంలో ఒక్కసారి సరిగ్గా ఆలోచించాడు. కొడవలి డోలీలో ఉండాలి. అయితే దిక్సూచి డోలీ దగ్గర ఉండకూడదు. దిక్సూచితోపాటు నేను కూడా. ముల్లు పట్టుకుని నేను ముందుకి పోవాలి, మాట వినపడేంత దూరం. అక్కడ నిలబడి పిలవాలి. నా గొంతు పట్టుకుని వాళ్ళు నా దాకా రావాలి. వచ్చాక మళ్ళీ నేను ముందుకి. వాళ్ళు వస్తున్నంతసేపూ నేను కదలకూడదు.

"బొంగు వదలాలి, దీనా."

ఆమె నా వైపు చూసింది. "మరి మీరున్నట్టు నాకెలా తెలుస్తుంది?"

"అరుస్తూ ఉంటాను."

"ఏమని?"

"నన్ను పట్టుకుని ఏమనంటావేంటి? నా నోరు మూయించలేకే కదా మీరందరూ చస్తున్నారు."

ఆమె వేళ్ళు తీసింది. నేను వెళ్ళాను.

"ఓహోయ్, దీనమ్మగారూ!" అన్నాను, నాలుగు బారల దూరంలో వాళ్ళు మాయమయ్యాక. "సర్వే శాఖవారి ప్రకటన! మీ తమ్ముడు చిట్టియ్యకి పెళ్ళికూతురు కావలెను. ఈత వచ్చినవాళ్ళే దరఖాస్తు పెట్టుకోవలెను!"

"అబద్ధం అక్కా! నేనలా అనలేదు!"

"ఊఁ" అంది దీనమ్మ మంచులోంచి. ఆ ఊఁలో కొంచెం నవ్వు కూడా ఉంది, లేదా నేను ఉందనుకున్నాను.

అలా ముందుకి సాగాం. నేను ఒక అబద్ధం అరుస్తాను, ఆమె ఊఁ అంటుంది, చిట్టియ్య ఖండిస్తాడు, నీళ్ళ చప్పుడు దగ్గరికొస్తుంది, నేను మళ్ళీ వెళ్తాను. మడ మొక్కలు పోయాయి. నేల గట్టిపడింది. ఉప్పుమిట్ట కాలికి తగిలినప్పుడు దాన్ని ముద్దు పెట్టుకునేవాణ్ణే. మిట్ట దాటి నేను మళ్ళీ నీళ్ళలోకి దిగి, ఆగి, బడి తనిఖీదారుగారి మీద ఒకటి అరిచాను.

ఊఁ రాలేదు.

ఇంకోటి అరిచాను. ఊఁ రాలేదు. చిట్టియ్య ఖండించలేదు.

"దించండి, మిట్ట మీద దించండి" అని అమ్మ గొంతు వినిపించింది. "మీరిద్దరూ అటు తిరిగి నిలబడండి."

నేను వెనక్కి పరిగెత్తబోయాను.

"ఒరే అబ్బాయి, నువ్వు రావద్దు!" అమ్మ నన్ను చిన్నప్పుడు బావి దగ్గర అరిచినట్టు అరిచింది. "అక్కడే ఉండి మాట్లాడుతూ ఉండు. అది వింటోంది. జవాబు చెప్పలేకపోతోంది, అంతే. ఆపావంటే చూడు!"

కాబట్టి మాట్లాడాను. తొడల దాకా నీళ్ళలో నిలబడి, ఏమీ కనపడని తెల్లటి మంచులోకి మాట్లాడాను. తనిఖీదారుగారి తలపాగా ఊడిన కథ చెప్పాను. అదే మళ్ళీ చెప్పాను. బాతుల దొడ్డి చెప్పాను. నాకు హాస్యాలు అయిపోయాయి. ఇరవై మూడేళ్ళలో నాకు హాస్యాలు అయిపోవడం ఇదే. బడిలో పిల్లల పేర్లు వరసగా పిలిచాను, హాజరు వేసినట్టు. ఒక్కొక్క పేరు తర్వాత జవాబు కోసం ఆగాను. ఎవరు పలుకుతారు? ఆ తర్వాత ఎక్కాలు మొదలుపెట్టాను. పదమూడో ఎక్కంలో నేను ఎప్పుడూ తప్పే చోటే తప్పి, మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాను.

అప్పుడు ఏదో నీటికోడి అరిచిందనుకున్నాను.

మళ్ళీ అరిచింది.

"బావగారూ!" అని చిట్టియ్య గొంతు చించుకున్నాడు. "ఏడుస్తోందండీ!"

"ఎవరు? అక్కా?"

"పాపండీ! ఆడపిల్ల! ఏడుస్తోంది బావగారూ, ఏడుస్తోంది!"

"ఏసురాజూ, ఎటు రావాలిరా? పిలువు!" అన్నారు నాన్నగారు.

పిలవబోయాను. నోట్లోంచి మాట రాలేదు. ఒక్క మాట కూడా. "ఏవండీ" అని దీనమ్మ పిలిచింది, సన్నగా. పలకలేకపోయాను. సర్వేయర్ జనరల్ తన స్థానం వదిలి కదలరాదన్న నిబంధన రాసింది నేనే. దిక్సూచి జేబులో వేసుకుని, పాప ఏడుస్తున్న వైపుకి నీళ్ళలో పడుతూ లేస్తూ నడిచాను.

"రావద్దన్నానా?" అంది అమ్మ. చెంపలంతా తడి.

"దారి తెలీక వచ్చాను" అన్నాను.

పాప ముఖం ఎర్రగా, ముడతలుగా, పట్టరాని కోపంగా ఉంది. అమ్మ బొంత చుట్టింది. దీనమ్మ నన్ను చూసి, "పదమూడో ఎక్కం నేర్చుకోండి ముందు" అని కళ్ళు మూసుకుంది. నేను హడలిపోయి చూస్తే నిద్ర.

మళ్ళీ ముందుకి వెళ్ళి నిలబడ్డాను. పిలవాల్సిన అవసరం పెద్దగా లేకపోయింది. మంచు విడుతోంది. లాకు, పడవ, ఆసుపత్రి. డాక్టరు దొరసానిగారు ఇద్దర్నీ చూసి, బాగున్నారన్నారు. రెండోసారి అడిగినా అదే చెప్పారు. మూడోసారి అడగబోతే చిట్టియ్య నన్ను బయటికి లాక్కొచ్చాడు.

నవంబరు 12, శనివారం

నాన్నగారు వరండాలో నన్ను ఆపి, "ఆ సంగతి పేటలో..." అని నసిగారు.

"ఏ సంగతండీ?" అన్నాను.

"నువ్వు మంచివాడివేరా" అన్నారు. తర్వాత ఇంకా మొహమాటపడి, "కాస్త వాగుతావు గాని" అని కలిపారు.

నవంబరు 13, ఆదివారం

పాప పొద్దుట్నుంచి ఆపకుండా ఏడుస్తోంది. పాలు తాగింది, ఏడ్చింది. బట్ట మార్చారు, ఏడ్చింది. ఆసుపత్రి ఆయా వచ్చి, "కాస్త ఊరుకోబెట్టండమ్మా, వార్డులో ఎవరికీ విశ్రాంతి లేదు" అంది.

మేమందరం మంచం చుట్టూ ఉన్నాం. దీనమ్మ ఒళ్ళో పాప. కాళ్ళ దగ్గర అమ్మ. కిటికీలో చిట్టియ్య. ఎవరూ ఊరుకోబెట్టడానికి చెయ్యి చాచలేదు. ఆయా మా నలుగురి ముఖాలూ ఒకటి తర్వాత ఒకటి చూసి, ఈ మనుషులకేమైనా తేడానా అన్నట్టు నిలబడింది.

నాన్నగారు గుమ్మంలోంచి వచ్చి, తలపాగా తీసి చేతిలో పట్టుకుని, ఆమెకి దణ్ణం పెట్టినంత పని చేశారు.

"ఇంకొంచెం సేపు ఏడవనివ్వమ్మా" అన్నారు.